వికలాంగుల పార్కింగు చోటు – అందుకు కావలసిన కార్డు

ఈసారి ఆరోగ్య పాఠంలో ఒక జబ్బు గురించి కాక ఒక చోటు గురించి రాస్తున్నాము. ఆసుపత్రి అయినా, బ్యాంకు అయినా, ఫంక్షన్ హాలు అయినా, చర్చి అయినా, తలుపుకు దగ్గరగా నేల మీద చక్రాల కుర్చీ బొమ్మ గీసి ఉంచే చోటు అది. దీని గురించి మమ్మల్ని అడిగేవారు రెండు రకాలు. పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న తల్లిదండ్రులు, "అక్కడ నాకు కార్డు తీసిచ్చారు. కారు అద్దానికి తగిలిస్తే డోరు దగ్గరే ఆపుకోవచ్చు. ఇక్కడ ఆ కార్డు మీరే రాసిస్తారా డాక్టరు గారూ?" అని అడుగుతారు. మూడు చక్రాల స్కూటీ మీద వచ్చే మన ఊరి తమ్ముళ్లు, "బండి మెట్ల దగ్గర పెడితే వాచ్‌మన్ తీయమంటున్నాడు. ఏం కాగితం చూపాలె సార్?" అని అడుగుతారు.

ఇద్దరికీ ముందుగా ఒక మాట. మన దేశంలో అంతటా చెల్లే ప్రత్యేకమైన పార్కింగు పర్మిట్ అంటూ లేదు. మేము రాసిచ్చే చీటీ పర్మిట్ కాజాలదు. బజారులో అమ్మే చక్రాల కుర్చీ స్టిక్కరు కారుకు అంటించుకున్నా అది రుజువు కాదు. ఇక్కడ చేతిలో ఉండవలసినది యు.డి.ఐ.డి. కార్డు, అనగా వికలాంగుల గుర్తింపు కార్డు. ఇది పింఛను కోసమే అని చాలామంది అనుకుంటారు. పింఛను అవసరం లేని కుటుంబాలు అందుకే దానికి దరఖాస్తు చేయడం మానేస్తున్నారు. ఉద్యోగి అయినా, వ్యాపారి అయినా, పొలం ఉన్న రైతు అయినా, వైకల్యం ఉంటే ఈ కార్డు తీసుకోవలెను. చోటు అడిగేటప్పుడు మాటకు బలం దీనివల్లే వస్తుంది.

ఎవరికి దగ్గర చోటు అవసరం?

అమెరికాలో 1991లో అక్కడి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలన్నిటికీ నమూనాగా పార్కింగు నియమాలు ప్రకటించింది. అందులో ఒక కొలత మాకు బాగా నచ్చింది. మధ్యలో ఆగి అలసట తీర్చుకోకుండా 200 అడుగులు నడవలేని మనిషి ఈ చోటుకు అర్హుడు. 200 అడుగులంటే మామూలు మనిషికి సుమారు 80 అంగలు. మన ఇళ్లలో దీన్ని ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు. ఇంటి గడప నుండి బయలుదేరి 80 అంగలు వేయండి. ఎక్కడ ఆగవలసి వచ్చింది, ఎందుకు ఆగవలసి వచ్చింది, కాలు నొప్పా, ఆయాసమా, ఛాతీలో బరువా, కళ్లు తిరగడమా – ఇది గుర్తు పెట్టుకొని డాక్టరుకు చెప్పండి. "నడవలేకపోతున్నా" అనే మాట కంటే, "నలభై అంగలకు పిక్క పట్టేస్తుంది, రెండు నిమిషాలు నిలబడితే తగ్గుతుంది" అనే మాట మాకు ఎక్కువ పనికి వస్తుంది. అలా చెప్పిన రోగికి కాలి రక్తనాళాలు పరీక్షించాలని మాకు వెంటనే తోస్తుంది. కొత్తగా ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ మొదలైనవారు ఈ అంగల లెక్క పెట్టుకోకండి, నేరుగా ఆసుపత్రికి రండి.

అయితే నొప్పి లేనంత మాత్రాన దగ్గర చోటు అవసరం లేదని కాదు. దీన్ని మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్ గార్లు 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి తెరిచారు. రాజా నర్సాగౌడ్ గారి దానంతో అది లేచింది. ఆ జబ్బుకు ఇప్పుడు మంచి మందులు వచ్చాయి, పూర్తిగా నయమవుతున్నది. కానీ జబ్బు నయమైనా, అంతకు ముందే నరాలు దెబ్బతిన్న పాదాలకు స్పర్శ తిరిగి రాకపోవచ్చు. అలాంటి మనిషి ఎండాకాలంలో కంకర మీద ఎంత దూరమైనా నడుస్తాడు. పాదం కాలినా, రాయి గుచ్చుకున్నా అతనికి తెలియదు. ఇంటికి వెళ్లి చెప్పు విప్పినప్పుడు రక్తం చూసి తెలుసుకుంటాడు. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారి పాదాలదీ ఇదే పరిస్థితి. మానని పుండు, ఆ తరువాత వేలు తీసేయడం, ఆ తరువాత పాదం తీసేయడం – ఇవన్నీ మేము చూస్తున్నవే. ఇలాంటివారికి తలుపు దగ్గర చోటు సౌకర్యం కోసం కాదు, పాదం కాపాడుకోవడం కోసం.

మరో వైపు, మోకాళ్ల నొప్పులున్న చాలామందికి నడకే మందు. అరిగిన మోకాలికి తొడ కండరాల బలం కావాలి, ఆ బలం నడిస్తేనే వస్తుంది. "మోకాళ్లు నొస్తున్నాయి, కార్డు ఇప్పించండి" అని వచ్చిన అక్కయ్యలలో కొందరికి మేము కార్డు సంగతి పక్కన పెట్టి వ్యాయామం నేర్పి పంపిస్తున్నాము. కోపం తెచ్చుకోవద్దు.

బయటికి కనిపించని అవసరాలు కూడా ఉన్నవి. ఆటిజం ఉన్న పిల్లవాడు కారు దిగగానే చెయ్యి విడిపించుకొని రోడ్డు మీదికి పరుగెత్తవచ్చు. తల్లి ఒక చేత్తో వాణ్ణి, ఒక చేత్తో సంచిని పట్టుకొని బండ్ల మధ్య నుండి రావాలి. ఇంగ్లండులో 2019 నుండి ఇలాంటి కనిపించని వైకల్యాలు ఉన్నవారికి కూడా పార్కింగు కార్డు ఇవ్వడం మొదలుపెట్టారు. కాబట్టి కాళ్లు బాగున్న మనిషి ఆ చోట్లో దిగితే వెంటనే "నీకేమైంది?" అని గదమాయించకండి.

చట్టం ఏమంటుంది?

1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. చేతులు కాళ్ల వైకల్యం, అంధత్వం, చూపు మందగించడం, వినికిడి లోపం, కుష్ఠు నయమైనవారు, మరుగుజ్జుతనం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, పార్కిన్‌సన్స్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, యాసిడ్ దాడికి గురైనవారు మొదలైనవి అందులో ఉన్నవి. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉంటే చట్టంలోని ప్రత్యేక సౌకర్యాలలో చాలావాటికి అర్హత వస్తుంది.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పక తప్పదు. అమెరికా కార్డు "ఎంత దూరం నడవగలవు?" అని అడుగుతుంది. గుండె బలహీనమైనవారికి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి కూడా అక్కడ కార్డు వస్తుంది. మన కార్డు "ఏ వైకల్యం, ఎంత శాతం?" అని అడుగుతుంది. ఆ 21 రకాలలో కిడ్నీ జబ్బు లేదు, గుండె జబ్బు లేదు. డయాలిసిస్ ముగించుకొని గోడ పట్టుకొని బయటికి వచ్చే మనిషికి ఈ కార్డు రాకపోవచ్చు. కాలు విరిగి ఆరు వారాలు పిండికట్టుతో తిరిగే మనిషికీ రాదు. ఆ దేశంలో అలాంటివారికి కొద్ది నెలలు చెల్లే తాత్కాలిక కార్డు ఉన్నది, మనకు లేదు. కార్డు లేనంత మాత్రాన అవసరం లేదని అనుకోవడం తప్పు. కాబట్టి ఆసుపత్రులలో, చర్చిలలో చోటు చూపించే అన్నదమ్ములు కార్డు చూసిన తరువాత మనిషిని కూడా చూడవలెనని కోరుతున్నాము.

కార్డు కోసం దరఖాస్తు

2010 ప్రాంతం నుండి మన దగ్గర సదరం క్యాంపులు, సదరం సర్టిఫికెట్లు అందరికీ తెలిసినవే. తెలంగాణలో 2025 నుండి కొత్తవారికి సదరం బదులు యు.డి.ఐ.డి. విధానంలోనే కార్డులు ఇస్తున్నారు. ఇది దేశమంతటా చెల్లుతుంది. హైదరాబాదులో చూపినా, సోలాపూర్‌లో చూపినా, భీవండిలో చూపినా అదే కార్డు. బతుకుతెరువుకు మహారాష్ట్ర వెళ్లే మన కుటుంబాలకు ఇది పెద్ద మేలు.

దరఖాస్తు స్వావలంబన్ కార్డు అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో చేయాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఫోనులోనే చేయవచ్చు. లేకుంటే మీ సేవ కేంద్రానికి వెళ్లండి. ఆధార్ తప్పనిసరి. ఫోటో ఆరు నెలలకు మించి పాతది కాకూడదు. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. చిన్నపిల్లల తరఫున, సొంతంగా చేసుకోలేని పెద్దల తరఫున సంరక్షకులు దరఖాస్తు పెట్టవచ్చు. ఫోను నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషిదే ఇవ్వండి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు నంబరు ఇస్తే పరీక్ష తేదీ మెసేజి అక్కడికి పోతుంది, ఇక్కడ అవ్వకు తెలియదు.

పేర్ల విషయంలో మా దగ్గరకు వచ్చేవారికి ఒక చిక్కు తరచుగా వస్తున్నది. ఆధార్‌లో ఒక పేరు ఉంటుంది, బాప్తిస్మము పేరు ఇంకొకటి ఉంటుంది, మా ఓ.పి. చీటీ మీద బాప్తిస్మము పేరే రాసి ఉంటుంది. "ఈ ఎక్స్‌రే మీదేనా?" అని పరీక్షలో అడిగితే ముసలమ్మ ఏం చెప్పగలదు? ఇకమీదట ఓ.పి. చీటీ రాయించేటప్పుడు ఆధార్‌లో ఉన్న పేరే చెప్పండి. పాత కాగితాలలో పేరు వేరుగా ఉంటే ముందే మా దగ్గరకు తీసుకురండి. ఇద్దరూ ఒకే మనిషి అని రికార్డు చూసి రాసి ఇస్తాము.

వైకల్యం ఎంత శాతమో నిర్ణయించేది ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే. మిషన్ ఆసుపత్రి డాక్టరు గానీ, ప్రైవేటు డాక్టరు గానీ ఎంత పెద్ద చదువు చదివినా ఈ సర్టిఫికెట్ ఇవ్వలేరు. దరఖాస్తు మీ నివాస జిల్లాలోని వైద్యాధికారికి పెట్టవచ్చు, లేదా మీరు చికిత్స పొందిన ప్రభుత్వ ఆసుపత్రిని ఎంచుకోవచ్చు. 2016 అక్టోబరు నుండి బాన్సువాడ కామారెడ్డి జిల్లాలో ఉన్నది. పాత అలవాటు కొద్దీ నిజామాబాద్ పోయి రోజు పాడుచేసుకోకండి. ఏ ఆసుపత్రి, ఏ తేదీ అన్నది మెసేజిలో చూసుకొని బయలుదేరండి.

ఎప్పుడు దరఖాస్తు చేయాలన్నది కూడా ముఖ్యమే. పక్షవాతం వచ్చిన నెలలోనే దరఖాస్తుకు తొందరపడతారు. నరాల జబ్బులలో సాధారణంగా ఆరు నెలలు దాటిన తరువాతే శాతం నిర్ణయిస్తారు. ఎందుకంటే ఆ ఆరు నెలలలో ఫిజియోథెరపీతో చాలా మార్పు వస్తుంది. ఆ కాలాన్ని కాగితాల కోసం కాక వ్యాయామం కోసం వాడండి. కాలు తీసేసినవారి పరిస్థితి వేరు, అక్కడ ఎదురు చూసి మారేది ఏమీ లేదు. పుండు మానగానే దరఖాస్తు పెట్టండి.

పరీక్ష రోజున ఆధార్, దరఖాస్తు నంబరు, అన్ని అసలు కాగితాలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కార్డు తీసుకెళ్లండి. కర్ర, క్యాలిపర్, కృత్రిమ పాదం, చెవి మిషను ఏది వాడుతుంటే అది వెంట ఉండాలి. ఉదయం వేసుకోవలసిన బి.పి. మాత్ర మానకండి. షుగరు ఉన్నవారు తిని వెళ్లండి, సంచిలో ఇంకో పూటకు రొట్టె, నీళ్లు పెట్టుకోండి. వరుస పొడుగ్గా ఉండవచ్చు. రోజూ కనిపెట్టుకొని ఉండే మనిషే తోడు రావాలి. స్నానం ఎవరు చేయిస్తారు, రాత్రి ఎన్నిసార్లు లేపాలి, మెట్లు ఎక్కగలరా అంటే ఆ మనిషికే తెలుసు. ఒకటి గట్టిగా చెబుతున్నాము: ఉన్నదాన్ని పెంచి చూపించకండి, సిగ్గుపడి దాచకండి కూడా. మన పెద్దవాళ్లలో పెంచి చూపేవారి కంటే దాచేవారే ఎక్కువ. డాక్టరు "నడుస్తారా?" అని అడగగానే, "ఆఁ, నడుస్తా బిడ్డా" అని లేచి నాలుగు అంగలు వేసి చూపిస్తారు. ఆ నాలుగు అంగల తరువాత ఏమవుతుందో తోడు వచ్చినవారు చెప్పాలి.

2024 అక్టోబరులో మారిన నియమాల ప్రకారం కార్డుకు రంగులు వచ్చాయి. 40 శాతం కంటే తక్కువ ఉంటే తెలుపు, 40 నుండి 80 లోపు పసుపు, 80 లేదా అంతకు మించితే నీలం. సర్టిఫికెట్ ఇవ్వడానికి గడువు ఇంతకుముందు ఒక నెల ఉండేది, దాన్ని మూడు నెలలు చేశారు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి. కానీ మరీ ఎక్కువ పట్టకండి, రెండేళ్లు కదలకుండా ఉన్న దరఖాస్తు చెల్లకుండా పోతుంది, మళ్లీ మొదటి నుండి రావాలి. పరిస్థితి మారే అవకాశం ఉంటే సర్టిఫికెట్ కొంత కాలానికే ఇస్తారు. ఆ చివరి తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. శాతం తక్కువ వేశారని మీకు తోస్తే, చట్టంలోని 59వ సెక్షన్ ప్రకారం అప్పీలు చేసుకోవచ్చు. కార్డు తెప్పిస్తానని వేలు అడిగేవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

పాత సదరం సర్టిఫికెట్ ఉన్నవారు దాన్ని పారేయకండి. వెబ్‌సైటులో ముందే సర్టిఫికెట్ ఉన్నవారికి వేరే దారి ఉన్నది. ఆ నంబరుతో మీ కార్డు ఏ దశలో ఉందో మీ సేవలో అడిగి చూడండి.

బండి కాగితాలు

సైడు చక్రాలు బిగించిన స్కూటీ నడిపేవారు ఆ మార్పును ఆర్.సి.లో నమోదు చేయించాలి. లైసెన్సు కూడా అలాంటి బండికి తగినదై ఉండాలి. లేదంటే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీతో చిక్కులు వస్తాయి. 2020 అక్టోబరు నుండి రిజిస్ట్రేషన్ ఫారంలో యజమాని దివ్యాంగులైతే ఆ సంగతి రాసే వీలు పెట్టారు. కొత్త బండి కొనేవారు షోరూము వాళ్లకు ఇది గుర్తు చేయండి. పార్కింగు పర్మిట్ లేని మన దగ్గర, బండి ఎవరిదో చెప్పే కాగితంగా ఆర్.సి. పనికి వస్తుంది.

చోటు ఎలా ఉండాలి

కేంద్ర ప్రభుత్వం 2016లో, తిరిగి 2021లో ప్రకటించిన భవన మార్గదర్శకాలలో ఈ చోటు కొలతలు ఇచ్చారు. వెడల్పు 3.6 మీటర్లు, పొడవు 5 మీటర్లు, ప్రధాన ద్వారానికి 30 మీటర్ల లోపు. అంటే సుమారు 12 అడుగుల వెడల్పు, తలుపుకు 100 అడుగుల లోపు. మామూలు కారుకు ఎనిమిది అడుగులు చాలు కదా, మిగిలిన నాలుగు అడుగులు ఎందుకు? కారు తలుపు పూర్తిగా తెరవాలి, తెరిచిన తలుపు పక్కకు చక్రాల కుర్చీ రావాలి, మనిషి సీటు మీది నుండి కుర్చీలోకి జరగాలి. ఆ నాలుగు అడుగులు ఖాళీ స్థలం కాదు. నేల మీద ఏటవాలు గీతలు గీసేది అందుకే. "బైకు చిన్నదే కదా, ఈ గీతల మీద పెడితే ఏం పోయింది" అని అక్కడ బైకు నిలిపితే కారులోని మనిషి దిగలేడు. దిగి ఉన్నవాడైతే తిరిగి ఎక్కలేడు, బైకు యజమాని వచ్చేదాకా ఎండలో కూర్చోవాలి.

నేల చదునుగా ఉండాలి. కంకరలో కుర్చీ చక్రాలు కూరుకుపోతాయి. చోటు నుండి తలుపు దాకా మధ్యలో ఒక్క మెట్టు ఉన్నా అంతా వృథా. వాలు బాట ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. చాలాచోట్ల మూడు మెట్ల మీద నాలుగు అడుగుల పలక వేసి వాలు అంటారు. దాని మీద కుర్చీని నెట్టుకుపోవడం ఒక్కరి వల్ల కాదు, కిందికి దింపడం ఇంకా ప్రమాదం.

అయినా బాన్సువాడలో కార్ల కంటే ఆటోలు, బైకులే ఎక్కువ. మాకు తోచినంతవరకు ఇక్కడ పార్కింగు చోటు కంటే దింపే చోటు ముఖ్యం. కాలు లేని తండ్రిని కొడుకు బైకు మీద వెనక కూర్చోబెట్టుకొని తెస్తాడు. ఆటోలో పక్షవాతం వచ్చిన అమ్మను ఇద్దరు పట్టుకొని దింపుతారు. వాలు బాట మొదట్లో బైకుల వరుస ఉంటే వారందరూ ఆగిపోతారు. ఆసుపత్రిలోనే కాదు, ఆదివారం చర్చి ముందు కూడా ఇదే జరుగుతున్నది. ముందుగా వచ్చినవారు తలుపుకు దగ్గరగా బండి పెట్టుకుంటారు. ఆలస్యంగా, ఇద్దరి సాయంతో వచ్చే పెద్దమనిషి గేటు బయట దిగుతాడు. కొద్ది వారాల తరువాత ఆయన రావడం మానేస్తాడు. "పెద్దాయన ఈ మధ్య కనిపించడం లేదు" అంటాము.

చోటు ఇవ్వకపోతే

ముందు మర్యాదగా అడగండి. కార్డు చూపించండి. వాచ్‌మన్‌తో కాక మేనేజరుతో మాట్లాడండి, వాచ్‌మన్‌కు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. రైల్వే స్టేషన్, బస్టాండు, విమానాశ్రయాలలో పార్కింగు చోటు, టాయిలెట్, టికెట్ కౌంటరు వికలాంగులకు అనువుగా ఉండాలని 2016 చట్టం 41వ సెక్షన్ పేరు పెట్టి చెప్పింది. ప్రజలకు సేవ చేసే ప్రైవేటు సంస్థలకు కూడా ఈ చట్టంలోని సౌలభ్య నియమాలు వర్తిస్తాయి. మన ఊళ్లో రైలు లేకపోయినా, కామారెడ్డి, నిజామాబాద్ స్టేషన్లకు పోయేవారు ఇది గుర్తుంచుకోవచ్చు.

మాట వినకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. తేదీ, చోటు, ఏం జరిగింది, నాలుగు వాక్యాలు చాలు. వీలైతే ఫోటో. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వవచ్చు, జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో ఇవ్వవచ్చు. ఆపైన హైదరాబాదులో వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. చట్టాన్ని మీరినవారికి మొదటిసారి 10,000 రూపాయల వరకు జరిమానా, మళ్లీ చేస్తే 50,000 నుండి 5 లక్షల వరకు జరిమానా ఉన్నది. అలాగే దొంగ కాగితంతో వికలాంగుల సౌకర్యం పొందినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఒక్క మనిషి ఫిర్యాదుతో ఏమవుతుంది అని నిరాశపడేవారికి ఒక ఉదాహరణ. రాజీవ్ రతూరి అనే చూపు లేని వ్యక్తి 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. రోడ్లు, భవనాలు, రవాణా వికలాంగులకు అందుబాటులో లేవన్నది ఆయన మొర. ఆ కేసులో పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారి వైకల్య అధ్యయన కేంద్రం. 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. సౌలభ్య కొలతలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పక పాటించవలసిన నియమాలు ఉండాలి అని కోర్టు చెప్పి, వాటిని రూపొందించడానికి కేంద్రానికి మూడు నెలలు గడువు ఇచ్చింది. పందొమ్మిదేళ్లు పట్టింది, నిజమే.

పరదేశం వెళ్లే తల్లిదండ్రులకు

మన యు.డి.ఐ.డి. కార్డు అక్కడి పార్కింగు కార్డుకు బదులు కాదు. అమెరికాలో ప్రతి రాష్ట్రానికి వేరే ఫారం, వేరే నియమం. మనవారు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో దరఖాస్తు కౌంటీ పన్నుల కార్యాలయంలో ఇవ్వాలి, డాక్టరు ధ్రువీకరణ ఉండాలి. నీలం కార్డు శాశ్వత వైకల్యానికి, ఎరుపు కార్డు తాత్కాలికానికి. బ్రిటన్‌లో ఈ పథకం 1971లో నారింజ రంగు కార్డుతో మొదలై, 2000 నుండి నీలం కార్డుగా మారింది. అక్కడ కార్డు బండికి కాదు, మనిషికి. తాతయ్య కారులో లేనప్పుడు మనవడు ఆ కార్డు పెట్టి సూపర్‌మార్కెట్ ముందు కారు ఆపితే నేరం. అమ్మకు ఇప్పించిన కార్డును ఆమె తిరిగి ఇండియాకు వచ్చాక కూడా వాడుతున్న పిల్లలు ఉంటే, అమ్మే వారిని మందలించాలి.

బయలుదేరే ముందు మా దగ్గర చికిత్స పొందినవారు ఇంగ్లీషులో కేసు సారాంశం అడిగి తీసుకోండి. ఏ కీలు, ఏ ఆపరేషన్, ఎంత దూరం నడవగలరు అన్నది అందులో రాసి ఇస్తాము. అక్కడి డాక్టరుకు అది ఎక్కువ పని తగ్గిస్తుంది.

ఇక్కడ కార్డుకు దరఖాస్తు చేసేవారు కూడా పరీక్ష తేదీకి కనీసం వారం ముందు మా రికార్డు గదికి రండి. పాత ఎక్స్‌రే పోయినా, డిశ్చార్జి కార్డు చెదలు తిన్నా దిగులు పడకండి. పాత ఓ.పి. నంబరు గుర్తు లేకపోతే ఆపరేషన్ అయిన సంవత్సరం, రోగి తండ్రి లేదా భర్త పేరు, ఊరి పేరు చెప్పండి. రిజిస్టరులో వెతికి నకలు ఇస్తాము. నడవలేనివారు రానక్కరలేదు, ఆధార్ నకలుతో ఇంట్లోవారు వస్తే చాలు.